పాకాల, ఏటూరునాగారం అడవుల్ల గ్రావెల్ సైక్లింగ్: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

చలి మొదలైందంటే నాకు ఇవే ఫోన్లు. పర్మిషన్ కావాల్నా, టైర్ ఏ సైజు, పులి ఉంటదా, వాగుల నీళ్ళు ఎన్నున్నయి. ఒకరికి చెప్పి ఫోన్ పెట్టేలోపే ఇంకొకరు. అందుకే ఒకరోజు కూసోని అన్నీ ఒక్కదగ్గర రాసేసిన. నేను ఉండేది హన్మకొండల, ఏడేండ్ల సంది ఈ దారులు తొక్కుతున్న, పడ్డవి లేచినవి కలిపే చెప్తున్న. వరుసగ చదవాలనేం లేదు, మీ డౌట్ యాడుంటే ఆడికి పోండి.

## బయల్దేరక ముందు

గ్రావెల్ బైక్ అంటే బుల్లెట్ లాంటి బండా అన్నా?

కాదు తమ్మీ, సైకిలే. మనదగ్గర బైక్ అంటే పెట్రోల్ బండి అనే లెక్క, మా ఇంట్ల కూడా మొదట్ల మైలేజ్ ఎంతిస్తది అని అడిగిన్రు. రోడ్ సైకిల్ లెక్కనే హ్యాండిల్ కిందికి వంగి ఉంటది కానీ టైర్లు లావు, డిస్క్ బ్రేకులు, ఫ్రేముకు టైరుకు నడుమ బురద పట్టేంత జాగ. తారు మీద ఎంటీబీ (గుట్టలెక్కే మౌంటెన్ సైకిల్) కంటే తేలిగ్గ పోతది, మొరం మీద రోడ్ సైకిల్ లెక్క దడదడలాడదు. నర్సంపేట నుంచి లోపలికి పోతే కాసేపు తారు, కాసేపు మొరం, కాసేపు దుబ్బ, మళ్ళ తారు. ఇసొంటి కలగూరగంప దారులకే దీన్ని తయారు చేసిన్రు.

నా దగ్గర మామూలు ఎంటీబీ ఉంది, కొత్తది కొనాల్నా?

అస్సలు కొనకండి. ముందు ఉన్నదాంతోటి రెండుమూడు సార్లు రండి. ఎంటీబీ అయితే తారు మీద కాళ్ళు గుంజుతయి, గంతే. హైబ్రిడ్ (రోడ్ సైకిల్‌కు, ఎంటీబీకి నడుమ రకం) ఉంటే పట్టినంత లావు టైర్ ఏసుకోండి. సన్న టైర్ల రోడ్ సైకిల్ మాత్రం వద్దు, మొరం రాళ్ళకు రిమ్ములు పోతయి. ఊర్లల్ల పిల్లలు గేర్లు లేని పాత సైకిల్ మీద ఇద్దరిద్దరు కూసోని మనల్ని దాటి పోతరు, అది చూసినప్పుడల్లా లక్ష రూపాయల సైకిల్ గురించి మాట్లాడాలంటే నాకు సిగ్గైతది.

ఏ నెలల్ల వస్తే మంచిది?

నవంబర్ నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. వాగులు తగ్గి ఉంటయి, చెరువుల నీళ్ళు నిండుగ ఉంటయి, వలస పక్షులు దిగుతయి. మార్చిల ఆకు రాలుతది, అడవి బోసిగైతది, యాడ చూసినా నిప్పు అంటుకునే కాలం. ఏప్రిల్, మే తునికాకు సీజన్, ఎండ 44 దాటుతది, తొక్కేటోళ్ళు తొక్కుతరు కానీ నేను రమ్మని చెప్పను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అడవి పచ్చగ మస్తుంటది, అది చూసి ఆశపడి రాకండి. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 649.8 మిల్లీమీటర్ల వాన కొట్టింది, అప్పుడే కొండాయిల జంపన్న వాగు ఇండ్ల మీదికొచ్చి మనుషులు కొట్టుకపోయిన్రు. ఇక్కడ వాన అంటే అట్లుంటది.

ఇంకో ముచ్చట, మేడారం జాతర. రెండేండ్లకోసారి మాఘమాసంల, సరి సంవత్సరాలల్ల వస్తది, 2022, 2024, 2026 అట్ల. ఆ నెలల పస్రా, తాడ్వాయి దిక్కు సైకిల్ ఊసే వద్దు. జాతర అయిపోయినంక కూడా రోడ్డు అంచుల సీసపెంకులు చానా రోజులు ఉంటయి.

అడవిల సైకిల్ తొక్కనిస్తరా? పర్మిషన్ ఎవరిని అడగాలె?

రెండు రకాల దారులుంటయి, అది అర్థమైతే సగం గడబిడ పోతది. ఊరి నుంచి ఊరికి పోయే రోడ్డు, అంటే జనాలు, ఆటోలు, బస్సు తిరిగేది, అది అభయారణ్యం నడుమ నుంచి పోయినా పగటిపూట మీరు పోవచ్చు. అది ఇడిసి లోపలికి పోయే బండ్ల బాటలు, ఫారెస్టోళ్ళు బీట్ తిరిగే దారులు, వీటికి మాత్రం అటవీశాఖ అనుమతి కావాలె. పాకాల, ఏటూరునాగారం రెండూ 1950లల్లనే ప్రకటించిన అభయారణ్యాలు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండ లోపలికి పోవుడు నేరం. సైకిలే కదా పొగ రాదు సప్పుడు రాదు అంటే నడవది.

రేంజ్ ఆఫీసుకు పోయి యాడికి పోతున్నం, ఎంతమందిమి, ఎప్పుడు వస్తం అని కాయితం మీద రాసియ్యాలె. ఒక్క రోజుల అయితదని అనుకోకండి, వారం ముందే మొదలుపెట్టండి. ఆధార్ దగ్గర పెట్టుకోండి, గోదావరి దాటితే కొంచెం దూరంలనే ఛత్తీస్‌గఢ్ కాబట్టి పోలీసులు కూడా ఆపి అడుగుతరు. డ్రోన్ ఇంట్లనే పెట్టి రండి.

మొదటిసారి వస్తున్న, ఏ దారి పట్టాలె?

పాకాల. వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, సైకిల్ కారుల ఏసుకొని నర్సంపేటల దిగి ఆడినుంచి తొక్కితే సరిపోతది. ఎత్తుపల్లాలు పెద్దగ లేవు, దారి తప్పుడు లేదు, కట్ట మీదికి చేరంగనే పడ్డ కష్టం మర్చిపోతరు. కాకతీయుల గణపతిదేవుని కాలంల కట్టిన చెరువు, ఎనిమిది వందల ఏండ్ల కట్ట మీద సైకిల్ ఆనిచ్చి చాయ్ తాగుడు అంటే ఇంక మీరే చూడండి.

రెండోసారికి రామప్ప, ములుగు దిక్కు. గుడిని 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాల చేర్చిన్రు కాబట్టి గుడికాడ జనం ఎక్కువ, చెరువు దిక్కు పోతే తక్కువ. మూడోసారికి పస్రా, నార్లాపూర్, మేడారం, తాడ్వాయి, మళ్ళ పస్రా చుట్టు. దీంట్ల తారే ఎక్కువ కానీ రెండు దిక్కులా అడవే. తాడ్వాయి, మేడారం నడుమ 2024 ఆగస్టు 31న గాలివానకు వేల చెట్లు ఒక్కసారే కూలిపోయినయి, ఆ జాగల ఇప్పుడు నీడ లేదు, ఎండెక్కక ముందే దాటెయ్యాలె.

గోదావరి ఒడ్డు కావాలంటే ఏటూరునాగారం, మంగపేట దిక్కు. రామన్నగూడెం పుష్కర ఘాట్ కాడికి పొద్దుగాల పోతే నది మీద మంచు లేస్తుంటది. ఫిబ్రవరి, మార్చిల అయితే కల్లాలల్ల మిర్చి ఎండబోస్తరు, గాలి మనదిక్కు తిరిగిందంటే దగ్గుకుంట తుమ్ముకుంట తొక్కాలె, ముక్కుకు దస్తి కట్టుకోండి.

హైదరాబాద్ నుంచి సైకిల్ ఎట్ల తేవాలె?

కారు ఎనక క్యారియర్ అన్నిటికంటే సులువు. రైలుల అయితే రెండు చక్రాలు ఊడదీసి బ్యాగుల పెట్టి కాజీపేటల గానీ వరంగల్‌ల గానీ దిగండి. బస్సుల అయితే కండక్టర్ దయ.

## సైకిల్ సంగతి

టైర్ ఎంత లావు, గాలి ఎంత కొట్టాలె?

40 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, ఫ్రేముల పడితే 45 ఏసుకోండి. 70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌ల ముందు 30, ఎనక 33 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి దారిని బట్టి మార్చుకోవాలె. ట్యూబులుంటే ఇంకో అయిదారు ఎక్కువ కొట్టండి, లేకుంటే రాయి కొట్టినప్పుడు రిమ్ముకు రాయికి నడుమ ట్యూబ్ నలిగి రెండు చిల్లులు పడతయి. పెట్రోల్ బంకుల కొట్టిన గాలిని నమ్మకండి, చిన్న మీటర్ కొనుక్కోండి. కొత్తగ వచ్చేటోళ్ళందరు రాయి లెక్క గట్టిగ గాలి కొట్టుకొని వస్తరు, పది కిలోమీటర్లకే చేతులు తిమ్మిరెక్కి నడుము పట్టుకుంటరు.

పంక్చర్లు ఎన్ని అయితయి? ట్యూబ్‌లెస్ తప్పదా?

తప్పదనే అంటా. అడవి లోపల ముండ్లు తక్కువే, అసలు తిప్పలంతా ఊర్ల అంచుల, చెరువు కట్టల మీద. సర్కారు తుమ్మ కొట్టి దారిల పడేస్తరు, రేగు ముండ్లుంటయి, వీటన్నిటికంటే పల్లేరుకాయలు. శనగగింజంతనే ఉంటది, యాడ పడ్డా ఓ ముల్లు పైకే చూస్తది, ఒక్కసారి పల్లేరు తీగ మీదికెళ్ళి పోతే టైరుకు ఇరవై ముప్పై అంటుకుంటయి. ఒకసారి కట్ట దిగంగనే చప్పుడొస్తుందేందని ఆగి చూస్తే ముందు టైరు ముండ్లపంది లెక్కుంది.

ట్యూబ్‌లెస్‌ల సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) ఉంటే ముల్లు పీకంగనే తెల్ల నురగ వచ్చి చక్రం రెండు తిప్పులు తిరిగేలోపు మూసుకపోతది. కానీ మన ఎండలకు అది రెండుమూడు నెలలల్ల ఎండి రబ్బరు ఉండలైతది. షాపోళ్ళు ఆర్నెల్లు వస్తది అంటరు, మనకాడ రాదు. బయల్దేరే ముందు చక్రం ఊపి చూడండి, లోపల గలగల నీళ్ళ సప్పుడు రావాలె. రాలేదా, పొయ్యండి.

ఏమేం స్పేర్లు మోసుకురావాలె?

రెండు ట్యూబులు, పంపు, టైర్ లివర్లు, అలెన్ కీలు, చైన్ కట్టర్, మీ చైన్‌కు సరిపోయే క్విక్ లింకులు (తెగిన చైన్‌ను కలిపే లింకులు) రెండు, జిప్ టైలు, గట్టిగ అంటుకునే డక్ట్ టేపు, ఆఖరికి మీ ఫ్రేముకు పట్టే డిరైలర్ హ్యాంగర్, అంటే ఎనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క. ఈ చివరిదాన్ని అందరు మర్చిపోతరు. నేను కూడా మర్చిపోయే నేర్చుకున్న.

ఓ జనవరిల తాడ్వాయి దిక్కు వెదురు పొదల నడుమ పోతున్న, కింద పడి ఎండిన వెదురు పుల్ల ఒకటి ఎగిరి ఎనక డిరైలర్‌ల ఇరికింది. నేను తొక్కుడు ఆపలే. టక్ మని సప్పుడు, దిగి చూస్తే హ్యాంగర్ రెండు ముక్కలు, డిరైలర్ చైన్‌కు వేలాడుతుంది. చైన్ కట్టర్ ఉంది, చైన్ కుదించి ఒకే గేరు చేసుకుందామంటే క్విక్ లింక్ లేదు. తోసుకుంట తోసుకుంట పోతుంటే ఒక తాత మోపెడ్ మీద వచ్చి, ఎనక కూసో, సైకిల్ భుజానికేసుకో అన్నడు. పదకొండు కిలోమీటర్లు, భుజం మీద పది కిలోల సైకిల్, గుంతల దారి. దిగినంక పైసలిస్తే తీసుకోలే, పొగాకుంటే ఇయ్యమన్నడు, అది నాకాడ లేదు.

పుల్ల ఇరికిన సప్పుడు రాంగనే కాళ్ళు ఆపండి. ఒక్క తొక్కు ఎక్కువ తొక్కితే హ్యాంగర్ పోయినట్టే.

## దారిల

వాగు అడ్డమొస్తే దాటాల్నా, తిరిగి రావాల్నా?

ఇక్కడ పోవాల్నా వద్దా అని చెప్పేది మనం కాదు, వాగే. చలికాలంల ఎక్కువ వాగులు చీలమండ లోతే ఉంటయి, ఇసుక మీద తేట నీళ్ళు. అయినా తొక్కుకుంట దిగకండి. ముందు సైకిల్ ఒడ్డుకు పెట్టి ఉత్త చేతులతోటి నడిచి అవతలికి పోయి రండి, అడుగు గట్టిగుందా మెత్తగుందా కాళ్ళకే తెలుస్తది. ఇసుక తోడిన కాడ గుంతలుంటయి, పైన నీళ్ళు అద్దం లెక్క ఉంటయి, లోపల మనిషెత్తు ఉండొచ్చు. ట్రాక్టర్ జాడలు దిగి అవతల మళ్ళ ఎక్కినయంటే ఆ జాడలనే పట్టుకోండి.

నీళ్ళు మోకాలు దాటినా, నీళ్ళ రంగు ఎర్రగ మారినా తిరిగి రావుడే. కాజ్‌వే (వాగు మీద తక్కువ ఎత్తుల కట్టిన సిమెంట్ దారి) మీద పారే నీళ్ళను అస్సలు నమ్మొద్దు, కింద సిమెంట్ ఉందనుకుంటం, నాచు పట్టి సబ్బు లెక్క ఉంటది, సగం కొట్టుకపోయి కూడా ఉండొచ్చు. మీకాడ వాన లేకపోయినా పైన కొట్టి ఉంటది, గంటల వాగు మారిపోతది. పొద్దున దాటిన వాగు మాపటికి దాటనియ్యకపోతే ఈ దిక్కునే ఉండుడు తప్ప ఇంకో దారి లేదు, అందుకని నేను పోయే ముందు ఊర్ల ఎవరన్న పెద్దమనిషిని పట్టుకొని "పైన వాన పడ్డదా పెద్దయ్యా" అని అడిగి పోతా. వాతావరణం యాప్ ఆ ముసలాయనంత కరెక్టుగ చెప్పదు.

దాటేటప్పుడు సైకిల్ భుజానికేసుకోండి లేదంటే నీళ్ళు వచ్చే దిక్కు మీరుండి, సైకిల్‌ను కింది దిక్కు పెట్టి తోసుకుంట పోండి. సైకిల్ పై దిక్కు ఉంటే నీళ్ళు దాన్ని తెచ్చి మీ కాళ్ళకే కొడతయి.

నల్లరేగడిల ఇరికితే ఏం చెయ్యాలె?

తొక్కకండి, తోయకండి, ఎత్తుకోండి. ఒక్క వాన పడ్డా రేగడి టైరుకు పట్టి పది గజాలల్ల చక్రం తిరగదు. బలవంతంగ తిప్పితే ఫ్రేముకు గీతలు పడతయి, చైన్ తెగుతది. దారి పక్కన గడ్డి మీద నడవండి, పుల్లతోటి గీకండి. రెండు రోజులు ఎండ కొడితే అదే దారి సిమెంట్ లెక్కైతది. ఎర్రమట్టి, మొరం ఉన్న దిక్కు వాన పడ్డ తెల్లారే తొక్కొచ్చు.

ఇసుకల సైకిల్ కూలబడుతుంది, ఎట్ల?

చిన్న గేరు, ఎనక్కు బరువు, హ్యాండిల్ వదులుగ పట్టుకోవుడు, చూపు దూరం పెట్టుడు. హ్యాండిల్ తిప్పిన్రా, పడ్డరు. గాలి నాలుగైదు పీఎస్ఐ తగ్గించినా సాయమైతది. అప్పటికీ కాకపోతే దిగి నడవండి, నేను నడుస్తా.

మ్యాపుల దారి చూపిస్తుంది, నిజంగ ఉంటదా?

సగం ఉంటయి. మ్యాపుల గీత ఉన్న కాడ పోయి చూస్తే పత్తిచేను ఉంటది, లేకుంటే అడవి పెరిగి మూసుకపోయి ఉంటది. పస్రా దాటినంక సిగ్నల్ వస్తది పోతది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎప్పుడు యాడికి పోతున్నరో, ఎప్పటిలోపు ఫోన్ చేస్తరో ఇంట్ల చెప్పి రండి.

ఎలుగుబంటి, పులి ఎదురైతే?

పులి సంగతి తర్వాత, ఎలుగుబంటి సంగతి చూసుకోండి. పులి అప్పుడప్పుడు గోదావరి దాటి వచ్చి పోతది, మనం చూసేలోపే అది మనల్ని చూసి పక్కకు జరుగుతది. ఎలుగుకు కండ్లు సరిగ్గ కనపడవు, సైకిల్‌కు సప్పుడు లేదు, మలుపు తిరగంగనే ఎదురుపడితే భయంతోటి మీదికొస్తది. తెల్లారుజామున, పొద్దుగూకినంక ఎక్కువ తిరుగుతది, మార్చి, ఏప్రిల్ నెలలల్ల ఇప్పపువ్వు రాలే చెట్ల కిందికి తప్పక వస్తది. మలుపుల గంట కొట్టుకుంట, మాట్లాడుకుంట పోండి. కనపడితే ఆగుడు, ఉరకొద్దు, సైకిల్ అడ్డం పెట్టుకొని మెల్లగ ఎనక్కు జరుగుడు.

వీటికంటే నాకు భయమేసేది కరెంటు తీగ. అడవి పందుల కోసం చేన్ల చుట్టు, వేట కోసం అడవి అంచుల రాత్రిపూట తీగలు పెడతరు. తప్పే, కేసులైతయి, అయినా పెడతరు. మనుషులు పోయిన్రు. అందుకే చీకటి ఉన్నప్పుడు చేనుల దిగి అడ్డదారి పట్టుడు, పొదల చాటుకు పోవుడు అస్సలు వద్దు.

పాము కరిస్తే?

కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితోటి గుంజొద్దు, మంత్రం వేసేటాయన దగ్గరికి తీస్కపోవద్దు. కరిసిన కాలు కదలకుండ పెట్టి 108కు ఫోన్ చెయ్యాలె, సిగ్నల్ లేకపోతే దొరికిన బండి మీద దగ్గరున్న ప్రభుత్వ ఆస్పత్రికి, లేకుంటే వరంగల్‌కు. ఏ పాము అని దాని ఎనక పడి టైం పాడుచేసుకోకండి.

చెరువుల ఈత కొట్టొచ్చా?

పాకాలల వద్దు, మొసళ్ళున్నయి. కట్ట మీద చెమటలు కారంగ నీళ్ళు పిలిచినట్టే ఉంటయి, నాకు తెలుసు. వద్దు.

నీళ్ళు దిగిపోయినంక చెరువు లోపల చదునుగ ఉంటది కదా, ఆడ తొక్కొచ్చా?

ఇది అడగని గ్రూపు లేదు. జనవరి దాటితే శిఖం భూములు బయటపడతయి, కట్ట మీదినుంచి చూస్తే మైదానం లెక్క ఉంటది, ఫొటోకు మంచిగుంటది. పైన చేతి మందం పొర ఎండి పగుళ్ళు ఇస్తది, కింద బురదే. సైకిల్ దిగబడితే దిగబడనీ, అసలు సంగతి ఏందంటే ఆ తడి అంచులనే కొంగలు, బాతులు, ఉల్లంకి పిట్టలు మేస్తయి. వేల మైళ్ళు ఎగిరొచ్చినవి కూడా వాటిల ఉంటయి, మనం ఒక్కసారి ఉరికిస్తే గుంపు మొత్తం లేచి చెరువు అవతలికి పోతది, మళ్ళ ఇంకో సైకిల్ వస్తే మళ్ళ లేస్తది, ఇంక అవి తినేదెప్పుడు.

కట్ట మీద, బండ్ల బాట మీద ఉండండి. సైకిల్ ఆపి పది నిమిషాలు ఉత్తగ కూసోండి. మొన్న డిసెంబర్‌ల తూము కాడ ఎండిన మొద్దు మీద నీటికాకి ఒకటి రెండు రెక్కలు బార్లా చాపి ఎండకు ఆరబెట్టుకుంటుంది, అచ్చం దండెం మీద నల్ల రెయిన్‌కోట్ ఆరేసినట్టు. పక్కనే లకుముకి పిట్ట నీళ్ళల్లకు దుంకి చేపతోటి లేచింది, ఆ చేపను మొద్దుకేసి ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టిన, పద్నాలుగు. ఇదంతా తొక్కుకుంట పోతే కనపడదు.

ఇంకో విచిత్రం చెప్పాలె. పాకాల నీళ్ళు మున్నేరుల పడి కృష్ణకు పోతయి, లక్నవరం, రామప్ప నీళ్ళు గోదావరికి పోతయి. పెద్ద గుట్ట ఏం లేదు నడుమ, ఒక్కరోజు తొక్కుడుల రెండు నదుల నీళ్ళు దాటుతం.

గూడేలల్ల ఎట్ల మసలుకోవాలె?

ఎక్కువగ కోయోళ్ళ ఊర్లు. ఊర్లకు రాంగనే మెల్లగ పోండి, కోళ్ళు, మేకలు, చిన్న పిల్లలు రోడ్డు మీదనే ఉంటరు. అడగకుండ ఫొటోలు తియ్యకండి, ముఖ్యంగ ఆడోళ్ళవి, గద్దెల కాడియి. పిల్లలకు చాక్లెట్లు పంచుడు దయచేసి ఆపండి, ఇప్పుడు సైకిల్ కనపడితే సాలు చెయ్యి చాపుతున్నరు, అది మనం నేర్పించిందే. కొట్టు ఉంటే ఆడ బిస్కెట్లు, సోడా కొనండి. కుక్కలు ఎంబడి పడితే దిగి సైకిల్ నడుమ పెట్టుకొని నడవండి, ఆగుతయి.

నీళ్ళు, తిండి దొరుకుతయా? రాత్రి యాడ ఉండాలె?

పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారంల టిఫిన్లు, భోజనం దొరుకుతయి. లోపల దొరకవు, మూడు లీటర్ల నీళ్ళు పట్టుకోండి, వాగు నీళ్ళు తాగకండి. ఉండనీకి లక్నవరం, రామప్ప, తాడ్వాయిల టూరిజం కాటేజీలున్నయి, శని, ఆదివారాలు ముందే నిండుతయి. అడవిల టెంట్ ఏసుకుంటం అంటే కుదరది, నిప్పు పెట్టుడు అంతకన్నా కుదరది. డిసెంబర్‌ల అయిదున్నర దాటంగనే చీకటి పడతది, నాలుగున్నరకల్లా తారు రోడ్డు మీద ఉండేటట్టు చూసుకోండి.

## తిరిగొచ్చినంక

సైకిల్‌ను ప్రెషర్ వాటర్‌తోటి కడిగించొచ్చా?

బండ్లు కడిగే కాడ ఇయ్యకండి, ఆ పైపు జోరుకు బేరింగుల గ్రీజ్ మొత్తం పోతది. బకెట్, మగ్గు, పాత బ్రష్ సాలు. వాగుల దిగి ఉంటే చక్రాలు ఊడదీసి హబ్బు తిప్పి చూడండి, గరగర అంటే ఇసుక పోయినట్టే. చైన్ ఎండ తగలంగ ఆరబెట్టి అప్పుడు నూనె ఎయ్యండి, తడి మీద ఏస్తే ఉత్తగ పోతది. కొబ్బరినూనె వద్దు, అడిగిన్రు కాబట్టి చెప్తున్న.

వచ్చిన పది రోజులకు జ్వరం వచ్చింది, సైకిల్ వల్లనేనా?

సైకిల్ వల్ల కాదు, దోమల వల్ల అయ్యుండొచ్చు. ఏజెన్సీల మలేరియా, డెంగీ రెండూ ఉన్నయి, మలేరియా అయితే కుట్టిన వారం, రెండు వారాలకు బయటపడతది. డాక్టర్ కాడికి పోంగనే ఫలానా తారీఖు నాడు అడవిల తిరిగిన అని మీరే చెప్పాలె, చెప్పకపోతే ఆయనకెట్ల తెలుస్తది. మాతోటి వచ్చే ఒక పిల్లగాడు వైరల్ జ్వరం అనుకొని నాలుగు రోజులు పారాసిటమాల్ మింగి ఆఫీసుకు పోయిండు, అయిదో రోజు రక్తపరీక్షల మలేరియా తేలింది. ఒళ్ళంతా ఓసారి చూసుకోండి కూడా, గోమార్లు పట్టి ఉంటయి, మోకాళ్ళ ఎనక, నడుము పట్టీ కాడ. గిల్లి పీకకండి, చిమటాతోటి చర్మానికి ఆనిచ్చి పట్టుకొని నిదానంగ గుంజండి.